బూట్లు విప్పాక ఏ దారి: అసిస్టెంట్ కోచ్, అకాడమీ కోచ్, వ్యాయామ ఉపాధ్యాయుడు, డిపార్ట్‌మెంట్ ఉద్యోగం

అనంతపురం, గుంతకల్లు, కదిరి వైపు నుంచి వెళ్లి బయటి క్లబ్బుల్లో ఫుట్‌బాల్ ఆడుతున్న కుర్రాళ్లకు ముప్పై ఏళ్లు దగ్గరపడగానే ఒక ప్రశ్న పట్టుకుంటుంది. మ్యాచ్ అయిన రాత్రి మోకాలికి ఐస్ కట్టుకుని కూర్చుని నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, ఇంకో రెండు సీజన్లు ఆడతానేమో. ఆ తర్వాత ఏం చేయాల?" అని అడుగుతారు. పదకొండేళ్లు ఆడి, ఆరేళ్లు వేర్వేరు జట్లలో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసి, ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నాను కాబట్టి ఈ ప్రశ్నకు ఫోన్‌లో ముక్కలుగా చెప్పే జవాబును ఒకచోట కూర్చి రాస్తున్నాను. మా సీమ ఆటగాడికి నిజంగా అందుబాటులో ఉన్న దారులు నాలుగు. ప్రొఫెషనల్ క్లబ్బులో అసిస్టెంట్ కోచ్ కావడం, సొంత ప్రాంతంలో అకాడమీ లేదా పిల్లల జట్టు నడపడం, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావడం, రైల్వే వంటి డిపార్ట్‌మెంట్ ఉద్యోగంలో స్థిరపడి అక్కడి జట్టును చూసుకోవడం.

ముందు తూచవలసినవి

చాలామంది మొదట జీతమే అడుగుతారు. అది తప్పు కాదు. అయితే నెలకు ఎంత వస్తుందన్నదానికంటే ఏడాదిలో ఎన్ని నెలలు వస్తుందన్నది ముఖ్యం. క్లబ్బు ఒప్పందాలు సాధారణంగా సీజన్‌తో ముడిపడి ఉంటాయి, సీజన్ ముగిశాక కొత్త సంతకం పడేదాకా చేతిలో ఏమీ ఉండదు. 2025లో వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక దేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్ సీజన్ మొదలవకుండా ఆగిపోయినప్పుడు కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలే కాక సిబ్బంది జీతాలు కూడా నిలిపివేశాయి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఉన్నవాడు ఈ సంగతిని ముందే లెక్కలో వేసుకోవాలి.

రెండవది లైసెన్సు. మన దేశంలో కోచింగ్ మెట్లు డి, సి, బి, ఎ, ప్రో అన్న వరుసలో ఉంటాయి. డి లైసెన్సును అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇస్తుంది, సి నుంచి పైవన్నీ ఆసియా సమాఖ్య లైసెన్సులు. డి కోర్సు దాదాపు వారం రోజుల్లో అయిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ కోర్సులు విడతలుగా నెలల తరబడి సాగుతాయి, ఒక్కో మెట్టుకు మధ్య నిజమైన జట్టుతో పనిచేసిన అనుభవం చూపించాలి. ఎంత పెద్ద ఆటగాడైనా ఈ మెట్లు ఎక్కక తప్పదు, ఇరవై తొమ్మిదేళ్లకు మొదలుపెట్టినవాడు ముప్పై ఐదేళ్లకు ఎక్కడుంటాడో ఈ వరుసను చూసే అంచనా వేసుకోవచ్చు.

మూడవది దూరం. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, కర్నూలు నుంచి హైదరాబాదు కూడా దాదాపు అంతే, కడప నుంచి చెన్నై సుమారు 260. మ్యాపులో ఇవన్నీ దగ్గరే. కానీ క్లబ్బు ఎప్పుడూ ఒకేచోట ఉంటుందని నమ్మడానికి లేదు. 2022 మార్చిలో గోవాలో ఫైనల్ గెలిచి సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

నాలుగవదాన్ని ఎవరూ అడగరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్దది. నిర్ణయం ఎవరిది? రేపు ఏ పదకొండు మంది ఆడాలి, అరవయ్యో నిమిషంలో ఎవరిని మైదానంలోకి దించాలి అన్న మాట చివరికి ఎవరి నోటి నుంచి రావాలి? ఆ మాట తన నోటి నుంచే రావాలనుకునే మనిషి ఒక రకం, ఆ మాట సరిగ్గా పడేలా వెనక నుంచి సిద్ధం చేయడంలో తృప్తి పొందే మనిషి మరొక రకం. ఈ రెండు రకాల్లో తాను ఎవరో తెలుసుకోకుండా దారి ఎంచుకున్నవాళ్లు మూడేళ్లు తిరక్కముందే వెనక్కి రావడం చూశాను.

| చూడవలసిన విషయం | క్లబ్బు అసిస్టెంట్ కోచ్ | అకాడమీ కోచ్ | వ్యాయామ ఉపాధ్యాయుడు | డిపార్ట్‌మెంట్ ఉద్యోగం |
|---|---|---|---|---|
| ఆదాయం | సీజన్ ఒప్పందం, మధ్యలో ఖాళీ నెలలు | తక్కువ మొత్తం, నిర్వాహకుల మీద ఆధారం | నెలనెలా స్థిరం | నెలనెలా స్థిరం |
| అర్హత | పై స్థాయి లైసెన్సులు | డి, సి లైసెన్సులతో మొదలు | డిగ్రీతోపాటు బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), డీఎస్సీ | ఆడుతున్న రోజుల్లోనే స్పోర్ట్స్ కోటా |
| ఉండే చోటు | క్లబ్బు ఎక్కడుంటే అక్కడ | సొంత ఊరు | సొంత జిల్లా | డివిజన్ పరిధి |
| తుది నిర్ణయం | హెడ్ కోచ్‌ది | మీదే | మీదే, బడి హద్దుల్లో | జట్టు వరకు చాలావరకు మీదే |
| ఆట స్థాయి | అత్యున్నతం | పిల్లలు, యువకులు | పాఠశాల స్థాయి | రాష్ట్ర, అంతర్ విభాగ స్థాయి |

క్లబ్బు అసిస్టెంట్ కోచ్

బయటివాళ్లకు అసిస్టెంట్ కోచ్ అంటే బెంచీ మీద హెడ్ కోచ్ పక్కన కూర్చునే మనిషి. ఆ కూర్చోవడం వారంలో రెండు గంటలే. మిగతా వారమంతా ఎలా గడుస్తుందో చెప్తాను.

ఉదయం ప్రాక్టీసు ఏడు గంటలకైతే ఆరుకే మైదానంలో ఉండాలి. ఏ వ్యాయామానికి ఎంత చోటు కావాలో అడుగులతో కొలిచి కోన్లు పెట్టాలి. నాతో పనిచేసిన ఒక విదేశీ హెడ్ కోచ్, చతురస్రం రెండు మీటర్లు పెద్దదైతే పాస్‌ల వేగం తగ్గిపోతుందని నమ్మేవాడు. మొదటి వారం నేను కంటి అంచనాతో పెట్టిన కోన్లను ఆయన తానే వంగి జరిపాడు. ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం తల వంగిపోయింది. మరుసటి రోజు నుంచి జేబులో టేపు పెట్టుకుని వెళ్లాను.

ప్రాక్టీసు అయ్యాక ప్రత్యర్థి జట్టు ఆడిన గత మూడు మ్యాచ్‌ల వీడియో ముందు కూర్చోవాలి. వాళ్లు కార్నర్ కొట్టేటప్పుడు మొదటి పోస్టు దగ్గరికి ఎవరు పరుగెత్తుతున్నారు, వాళ్ల లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఏ కాలితో బంతి అందుకుంటున్నాడు, గోల్ తిన్న తర్వాత ఐదు నిమిషాలు వాళ్ల వరుస ఎంత ముందుకు వస్తోంది వంటివన్నీ చూసి, నాలుగున్నర గంటల ఆటను ఎనిమిది నిమిషాల క్లిప్పులుగా కత్తిరించాలి. ఎనిమిది నిమిషాలు దాటితే ఆటగాళ్లు వినరు. చాలా క్లబ్బుల్లో సెట్‌పీస్‌ల (కార్నర్, ఫ్రీ కిక్ వంటివి) బాధ్యత అసిస్టెంట్ కోచ్‌దే. మ్యాచ్ మరుసటి రోజు ఆడినవాళ్లకు విశ్రాంతి ఉంటుంది, ఆడనివాళ్లకు ప్రాక్టీసు ఉంటుంది, ఆ ప్రాక్టీసు నడిపేదీ అతనే. ఆడే అవకాశం దొరకని పదిమందిలో కసిని, ఆశను నిలబెట్టడం నా అనుభవంలో ఈ ఉద్యోగంలోకెల్లా కష్టమైన గంట.

ఇక ఈ పనిలోని అసలు బరువు వేరే ఉంది. ఒకసారి మ్యాచ్ ముందురోజు రాత్రి సిబ్బంది సమావేశంలో ఒక లెఫ్ట్ బ్యాక్‌ను ఆడించాలని నేను అరగంట వాదించాను. హెడ్ కోచ్ అంతా విన్నాడు, చివరికి వేరే కుర్రాడిని ఎంచుకున్నాడు. పొద్దున పేర్ల జాబితా గోడకు అంటించాక ఆ లెఫ్ట్ బ్యాక్ టిఫిన్ ప్లేటు అలాగే వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. కళ్యాణదుర్గం వైపు పిల్లోడు. "ఏం తప్పు చేసినాన్నా?" అన్నాడు. రాత్రి నీ కోసం నేనే వాదించానని ఒక్క మాట అంటే వాడి మనసు కుదుటపడేది, నా మీద గౌరవం పెరిగేది, జట్టు మాత్రం ఆ క్షణంలోనే రెండుగా చీలేది. "వెనక పోస్టు వైపు క్రాస్ వచ్చినప్పుడు నువ్వు బంతినే చూస్తాండావు, మనిషిని చూడ్డంలేదు. ఈ వారమంతా దాని మీదే పనిచేద్దాం" అని చెప్పాను. అది హెడ్ కోచ్ చెప్పిన కారణం, దాన్ని నా కారణంగా నా నోటితో చెప్పాను. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగమంటే ఇదే. తలుపు మూసిన గదిలో ఎంతైనా విభేదించవచ్చు, తలుపు తెరిచాక అందరిదీ ఒకే మాట. అది మోసంలా అనిపించేవాడు ఈ దారిలోకి రాకూడదు. నాకు అది మోసంలా అనిపించలేదు, కానీ మొదటి ఏడాది చాలా రాత్రులు నిద్ర పట్టలేదన్నది నిజం.

ఈ దారిలో ఎదుగుదల ఎలా ఉంటుందో చూపడానికి మన దేశంలోనే ఉదాహరణలున్నాయి. 2020లో ఎఫ్‌సీ గోవా తన హెడ్ కోచ్‌ను సీజన్ మధ్యలో తప్పించినప్పుడు, ఆ క్లబ్బుకే ఆడిన క్లిఫర్డ్ మిరాండా తాత్కాలికంగా పగ్గాలు అందుకోగా జట్టు లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్ గెలిచింది. తర్వాత 2023 ఏప్రిల్‌లో ఆయన తాత్కాలిక కోచ్‌గా ఉన్న ఒడిశా ఎఫ్‌సీ కోజికోడ్‌లో బెంగళూరును ఓడించి సూపర్ కప్ అందుకుంది. దక్షిణాసియా దేశాలు ఆడే 2023 శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో భారత హెడ్ కోచ్ ఇగోర్ స్టిమాచ్ మీద నిషేధం పడ్డప్పుడు, అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఒకప్పటి డిఫెండర్ మహేశ్ గావ్లీ సెమీఫైనల్‌లో, ఫైనల్‌లో జట్టును నడిపించాడు. జులై 4న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో భారత్ పెనాల్టీల మీద కువైట్‌ను ఓడించింది. అవకాశం అసిస్టెంట్ కోచ్‌కు చెప్పి రాదు, చాలాసార్లు ఇంకొకరి కష్టకాలంలో వస్తుంది. ఆ రోజుకు లైసెన్సు, ఆటగాళ్ల నమ్మకం రెండూ సిద్ధంగా ఉండాలి.

విదేశాల్లో స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ మికెల్ ఆర్టెటా 2016లో ఆట మానేసి, ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ సిటీలో హెడ్ కోచ్ గార్డియోలా దగ్గర మూడున్నరేళ్లు అసిస్టెంట్‌గా పనిచేసి, 2019 డిసెంబరులో ఆర్సెనల్ హెడ్ కోచ్ అయ్యాడు. అందరూ ఈ ఉదాహరణే చెప్తారు. నేను దాని పక్కన సామీ లీని కూడా పెడతాను. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకుని, కోచింగ్ సిబ్బందిలో ఏళ్ల తరబడి గౌరవం సంపాదించిన ఆయన 2007లో మరో ఇంగ్లండ్ క్లబ్బు బోల్టన్‌కు మేనేజరయ్యాడు (అక్కడ హెడ్ కోచ్‌ను అలాగే పిలుస్తారు). ఆ ఏడాది అక్టోబరుకే ఆ పదవి ముగిసింది. మరుసటి ఏడాది లివర్‌పూల్‌కు అసిస్టెంట్‌గా తిరిగి వెళ్లాడు. దీన్ని ఓటమిగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. అసిస్టెంట్ కోచ్ పని హెడ్ కోచ్ గది బయట కాచుకుని కూర్చునే వరండా కాదు, దానికదే పూర్తి వృత్తి. అందులో జీవితాంతం ఉండగలిగేవాడు ఏ జట్టుకైనా అదృష్టమే.

కష్టం మాట కూడా చెప్పాలి. విదేశీ హెడ్ కోచ్‌కు ఉద్వాసన పలికితే అతను తెచ్చుకున్న మనుషులు అతనితోనే వెళ్లిపోతారు. భారతీయ అసిస్టెంట్‌ను కొన్నిసార్లు ఉంచుకుంటారు, కొత్తగా వచ్చినాయన మాత్రం అతన్ని పాత మనిషిగానే చూస్తాడు. ఆరేళ్లలో నేను నాలుగు అద్దె ఇళ్లు మారాను. మా అమ్మాయి రెండో తరగతి రెండు రాష్ట్రాల్లో చదివింది.

అకాడమీ కోచ్

అనంతపురం ఈ విషయంలో మిగతా సీమ పట్టణాలకంటే అదృష్టవంతురాలు. ఫాదర్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పట్టణంలో నిర్మించిన క్రీడా గ్రామంలో పచ్చికతో నిండిన మైదానాలున్నాయి, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగింది అక్కడే. ఆ ఆవరణలో పెరిగిన అకాడమీ పల్లెల్లోని ఆడపిల్లలకు, మగపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. సరిహద్దు దాటితే బళ్లారి జిల్లా విజయనగర్‌లో బెంగళూరు ఎఫ్‌సీ రెసిడెన్షియల్ అకాడమీ ఉంది. గుంతకల్లు వాడికి ఇది పొరుగూరితో సమానం. కడపలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది.

ఇక్కడ నిర్ణయం మీదే. పన్నెండేళ్ల పిల్లవాడిని వింగర్‌గా ఆడించాలా, మధ్యలో ఆడించాలా అన్నది మీరు ఆలోచించి, తప్పయితే మరుసటి నెల దిద్దుకోవచ్చు. క్లబ్బులో ఆ వెసులుబాటు ఉండదు, రెండు ఓటములకే పత్రికల్లో ప్రశ్నలు మొదలవుతాయి. హెడ్ కోచ్ కావాలన్న కోరిక బలంగా ఉన్నవాడికి నేను అసిస్టెంట్ పదవికంటే ఈ దారినే ముందు చెప్తాను. స్పెయిన్ మాజీ మిడ్‌ఫీల్డర్ షాబి అలోన్సో ఎంచుకున్నది ఇలాంటిదే. పెద్ద క్లబ్బుల్లో అసిస్టెంట్‌గా చేరకుండా పిల్లల జట్టుతో మొదలుపెట్టి, స్పెయిన్ క్లబ్బు రియల్ సొసియెడాడ్ బి జట్టును మూడేళ్లు నడిపాకే ఆయన 2022 అక్టోబరులో జర్మనీ క్లబ్బు లెవర్‌కుసెన్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లాడు. 2023–24లో ఆ జట్టు ఒక్క ఓటమి లేకుండా జర్మన్ లీగ్ గెలిచింది. తన పేరుతో తాను నిర్ణయాలు తీసుకుని, వాటి ఫలితం తానే మోసే సాధన ఆయనకు ఆ మూడేళ్లలో దొరికింది.

పిల్లల కోచింగ్‌కు వేరే ఓపిక కావాలి. పెద్ద ఆటగాడికి "లైన్ పట్టుకో" అంటే చాలు, తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట అర్థం కాదు, మీరే పక్కన నిలబడి నాలుగడుగులు వేసి చూపించాలి. సాయంత్రం నాలుగున్నరకు ఎర్రమట్టి మైదానంలో చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లల్లో సగం మంది మధ్యాహ్నం సరిగ్గా తిని ఉండరు. శనగకాయల కోతల కాలంలో సగం జట్టు పొలాల్లో ఉంటుంది. ఇవన్నీ కోచింగ్ ప్రణాళికలో భాగమేనని ఒప్పుకున్నవాడే ఇక్కడ నిలబడతాడు. జీతం మాట తేటగా చెప్పాలంటే తక్కువ, సంస్థకు వచ్చే నిధుల మీద ఆధారపడి ఉంటుంది. సొంతంగా అకాడమీ పెట్టాలనుకునేవాడు మైదానం అద్దె, బంతులు, నీళ్ల క్యాన్ల ఖర్చు మొదటి ఏడాది తన జేబు నుంచే పెట్టుకోవలసి వస్తుందని తెలుసుకోవాలి.

వ్యాయామ ఉపాధ్యాయుడు

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు మన ఫుట్‌బాల్ చరిత్ర ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1951లోనూ 1962లోనూ భారత్‌కు ఆసియా క్రీడల బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. పిల్లలకు పాఠం చెప్పే క్రమశిక్షణే ఆయన కోచింగ్‌లో కనిపించేదని నాకు నమ్మకం.

అర్హతలు స్పష్టంగా ఉన్నాయి. డిగ్రీ, రెండేళ్ల బీపీఈడీ, ఆపైన డీఎస్సీ. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను రెండు శాతం నుంచి మూడు శాతానికి పెంచింది కాబట్టి పతకాలు, సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకున్నవాడికి దారి కాస్త విశాలమైంది. ఇంటర్‌తో చదువు ఆపేసి క్లబ్బుకు వెళ్లిపోయిన ఆటగాడికి మాత్రం ఇది దూరపు దారి. డిగ్రీ నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఇంకా ఆడుతున్న కుర్రాళ్లకు దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తిచేయమని నేను పదేపదే చెప్తుంటాను.

డిపార్ట్‌మెంట్ ఉద్యోగం

గుంతకల్లు రైల్వే డివిజన్ మన పక్కనే ఉంది, స్పోర్ట్స్ కోటా నియామకాలు ఉన్నాయి. కానీ ఇవి ఆడుతున్న వయసులో, ఫామ్‌లో ఉన్నప్పుడే దొరుకుతాయి. ముప్పై మూడేళ్లకు బూట్లు విప్పాక వెళ్లి అడిగితే లాభం లేదు. ఇరవై మూడేళ్లకే చేరి, పన్నెండేళ్లు డిపార్ట్‌మెంట్‌కు ఆడి, తర్వాత అదే జట్టుకు కోచ్‌గా మారినవాడి జీవితం నలుగురిలోకీ నిశ్చింతగా సాగుతుంది. ఆట స్థాయి మాత్రం సూపర్ లీగ్‌కు దూరం.

ఎవరికి ఏది

జాతీయ స్థాయి క్లబ్బుల్లో ఆడి, హిందీ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడుతూ, ఇల్లు మారడానికి కుటుంబం సిద్ధంగా ఉన్నవాడు అసిస్టెంట్ కోచ్ దారిని ప్రయత్నించాలి. భాష ఇక్కడ చిన్న విషయం కాదు. హెడ్ కోచ్ స్పానిష్ యాసలో ఇంగ్లీషు మాట్లాడతాడు, జట్టులో మణిపురీ, మలయాళీ, బెంగాలీ, పంజాబీ కుర్రాళ్లుంటారు. హాఫ్‌టైమ్‌లోని పదిహేను నిమిషాల్లో ఆయన కోపాన్ని వడగట్టి అర్థాన్ని మాత్రం అందరికీ చేర్చేది అసిస్టెంట్ కోచే. అలాగే, బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆటలో మీ కళ్లు బంతి వెంట వెళ్తాయా, బంతి లేని చోటికి వెళ్తాయా అన్నది కూడా గమనించుకోండి. బంతి లేని చోటు కనిపించేవాడికి ఈ పని సహజంగా వస్తుంది.

గోల్‌కీపరుగా ఆడినవాడు ఈ పోలికనంతా పక్కనబెట్టి గోల్‌కీపింగ్ కోచ్ లైసెన్సు వైపు చూడాలి. దానికి వేరే మెట్లున్నాయి, పోటీ తక్కువ, ప్రతి క్లబ్బుకూ ఒకరు కావాలి.

రాష్ట్ర జట్టు వరకు ఆడి, డిగ్రీ చేతిలో ఉండి, ఇంట్లో వయసు మీరిన తల్లిదండ్రులున్నవాడికి ఉపాధ్యాయ ఉద్యోగంతోపాటు సాయంత్రం అకాడమీ కోచింగ్ కలిపి చేయడం మేలు. ఈ కలయిక క్లబ్బు ఉద్యోగంతో కుదరదు. మహిళా ఆటగాళ్లకు కూడా ప్రస్తుతానికి నేను అకాడమీ దారినే ముందు చెప్తాను. ఆడపిల్లల జట్లకు మహిళా కోచ్‌ల అవసరం ఎక్కువగా ఉంది, లైసెన్సు ఉన్నవాళ్లు తక్కువగా ఉన్నారు. ఊరి పెద్దలు కూతుళ్లను మైదానానికి పంపడానికి ఒక అక్క ముందు నిలబడితే చాలు.

అప్పులున్నవాడు మాత్రం మొదటి మూడేళ్లు అసిస్టెంట్ కోచ్ ఆలోచన పెట్టుకోకూడదు. ఆ దారిలో ఖాళీగా గడిచే నెలలను అప్పు భరించలేదు.

సంతకానికి ముందు

అసిస్టెంట్ కోచ్‌గా వెళ్లాలని తేల్చుకున్నవాళ్లకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు. ఆడుతున్న ఆఖరి రెండు సీజన్లలోనే డి, సి లైసెన్సులు పూర్తిచేయండి, సెలవు నెలలు దానికే వాడండి. ఒప్పంద పత్రంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: హెడ్ కోచ్ వెళ్లిపోతే మీ ఒప్పందం ఏమవుతుంది, లీగ్ వాయిదా పడితే జీతం ఎన్ని నెలలు నడుస్తుంది, పై లైసెన్సు కోర్సుకు వెళ్లడానికి సెలవు, ఫీజు క్లబ్బు ఇస్తుందా. నా మొదటి ఒప్పందంలో ఈ మూడూ లేవు. డిసెంబరులో హెడ్ కోచ్ మారాక నాకు రెండు నెలల జీతం రాలేదు, అడగడానికి కాగితం మీద ఒక్క వాక్యం కూడా లేదు.

చేరేముందు ఆ హెడ్ కోచ్‌తో ఒక్కసారైనా తీరిగ్గా మాట్లాడండి. తనతో విభేదించిన అసిస్టెంట్ గురించి చెప్పమని అడగండి. అలాంటి మనిషి పేరు గౌరవంగా తలచుకునేవాడైతే జీతం కాస్త తక్కువైనా వెళ్లండి.